టరెట్ కింద సందు

ఈ సంగతి మొదట మా అక్కకి చెప్పాను. తర్వాత బావగారికి, ఆ తర్వాత మా వీధి చివర ఉండే సుబేదార్ గారికి. ముగ్గురికీ చెప్పినా గుండెల్లో బరువు పూర్తిగా దిగలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నేను సర్వేయర్ని. తెనాలి చుట్టుపక్కల పొలాల్లో ఇరవై ఆరేళ్లుగా గొలుసు లాగించి, రాళ్లు పాతించి, గట్లు తేల్చినవాణ్ణి. జానెడు గట్టు కోసం ఒక కడుపున పుట్టిన అన్నదమ్ములు మాటలు మానేసుకోవడం కళ్లారా చూశాను. కొలవకుండా నోటిమాటగా ఏ హద్దూ చెప్పొద్దని నా కింద పనిచేసిన కుర్రాళ్లందరికీ చెప్పాను. అలాంటి నేను ఒక ప్లాస్టిక్ బొమ్మ దగ్గర కొలత వెయ్యలేదు. అంతటితో ఆగలేదు. ఆ తప్పు బయటపడ్డ రోజున దాన్ని తీసుకెళ్లి పద్నాలుగేళ్ల పిల్లాడి నెత్తిన పెట్టాను.

యుద్ధ ట్యాంకుల మోడళ్లు చెయ్యడం నాకు నలభై దాటాక పట్టుకుంది. అసలు ట్యాంకుని 35వ వంతుకి కుదించి, విడివిడి ముక్కలుగా పోతపోసి, పెట్టెలో పెట్టి అమ్ముతారు. ఆ ముక్కలు అంటుకుని ఉండే చట్రాన్ని స్ప్రూ అంటాం. ఒక్కో ముక్కనీ కత్తిరించి, ఆకురాయితో అంచులు రుద్ది, అతికించి, రంగు వేసుకోవాలి. వందల ముక్కలుంటాయి. కొన్ని మినప్పప్పు బద్దకంటే చిన్నవి. నక్షాలు గీసిన చెయ్యి కాబట్టి నాకు ఈ పని త్వరగా పట్టుబడింది. రాత్రి తొమ్మిదింటికి భోజనం చేసి టేబుల్ లైటు వేసుకుని కూర్చుంటే పన్నెండెప్పుడు అయ్యేదో తెలిసేది కాదు.

నాలుగైదు ట్యాంకులు చేశాక, పెట్టెలో ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు చెయ్యడం చాలదనిపించింది. రెండు కిట్లు తీసుకుని, దీని హల్ మీద దాని టరెట్ పెట్టి, ఎవరి దగ్గరా లేని ట్యాంకు చెయ్యాలన్న కోరిక పుట్టింది. హల్ అంటే కింది మొండెం, టరెట్ అంటే పైన తిరిగే గోపురం. ఇలా కలపడం ఊరికే బొమ్మల సరదా కాదు. నిజం యుద్ధాల్లోనూ జరిగింది. సోవియట్ల దగ్గర పట్టుకున్న బీటీ-7 ట్యాంకుల మీద బ్రిటిష్ 4.5 అంగుళాల హోవిట్జర్ బిగించి ఫిన్లాండ్ వాళ్లు బీటీ-42 చేశారు. అవి మొత్తం 18. రొమేనియా వాళ్లు చేజిక్కిన టీ-60 చిన్న ట్యాంకుల మీద అలాగే చేజిక్కిన 76 మిల్లీమీటర్ల ఫిరంగులు పెట్టి టాకమ్ టీ-60లు చేశారు. అవి 34. మన దేశంలోనూ టీ-72 హల్ మీద అర్జున్ టరెట్ కూర్చోబెట్టి ట్యాంక్-ఈఎక్స్ అని ఒకటి తయారుచేశారు. సైన్యం తీసుకోలేదు.

ఈ లెక్కలన్నీ నాకు కంఠతా వచ్చు. ఏ ఏడాది చేశారు, ఎన్ని చేశారు అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఎంత తక్కువ తయారైతే అంత గొప్పది నాకు. పైనున్నది కిందున్నదాని మీద ఎలా కూర్చుందో మాత్రం ఒక్కదాని గురించీ చదవలేదు. నా తెలివితక్కువతనానికి వేరు అక్కడుంది.

అలా చూస్తూ చూస్తూ కేవీ-85 దగ్గర ఆగాను. దీని కథ నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం. 1943 జనవరిలో లెనిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్ల టైగర్ ట్యాంకు సోవియట్ సైన్యం చేతికి చిక్కింది. ఏప్రిల్‌లో దాన్ని కుబింకా మైదానంలో నిలబెట్టి రకరకాల ఫిరంగులతో కొట్టి చూశారు. అప్పటి సోవియట్ ట్యాంకుల మీదున్న 76 మిల్లీమీటర్ల ఫిరంగి దాని ముందు పలక దగ్గర తేలిపోయింది. విమానాల్ని కొట్టే 85 మిల్లీమీటర్ల ఫిరంగి మాత్రం వెయ్యి మీటర్ల దూరం నుంచి కూడా ఆ పలకని చీల్చింది. ఆ ఫిరంగిని ట్యాంకులో ఇమిడేలా స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో పెత్రోవ్ బృందం డీ-5టీ పేరుతో మలిచింది. అటు చెల్యాబిన్‌స్క్‌లో ఐఎస్ అనే కొత్త బరువు ట్యాంకు తయారవుతోంది. 1941లో లెనిన్‌గ్రాడ్ నుంచి యంత్రాలతో, మనుషులతో తరలివచ్చిన కీరోవ్ కర్మాగారం అక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీతో కలిసిపోయింది. జనం దాన్ని ట్యాంకోగ్రాద్ అనేవారు. కొత్త ట్యాంకుకి టరెట్ సిద్ధమైంది. హల్ మాత్రం ఇంకా వరుసలోకి రాలేదు. కుర్స్క్ యుద్ధం అయింది, టైగర్లు వస్తూనే ఉన్నాయి, ముందు వరసలో ఉన్నవాళ్లు ఎదురుచూస్తున్నారు. అప్పటికే తయారవుతున్న కేవీ-1ఎస్ హల్ తీసుకుని దాని మీద ఐఎస్ టరెట్ పెట్టారు. 1943 ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. మూడంటే మూడు నెలలు. మొత్తం 148.

"కేవీ-1ఎస్ హల్ మీద ఐఎస్ టరెట్ పెట్టారు." నా తలకెక్కింది ఈ ఒక్క వాక్యమే. కింద అది, పైన ఇది. ఇంకేం కావాలి అనుకున్నాను.

కేవీ-85 పూర్తి కిట్ బజారులో దొరుకుతుందని నాకు తెలుసు. కొనుక్కుంటే ముక్కలన్నీ సరిపడేవే వస్తాయి. కానీ కొని చేసినదాన్ని నేనే కలిపాను అని చెప్పుకోలేను కదా. ఆ మాట చెప్పుకోవాలన్న ఆశే నన్ను నడిపించింది. టరెట్ కోసం ఐఎస్-1 కిట్ తెప్పించుకున్నాను. హల్ కోసం కేవీ-1ఎస్ కావాలి. అది రావడానికి నెలపైనే పడుతుందన్నారు.

మా మేనల్లుడి దగ్గర కేవీ-1ఎస్ ఉంది.

వాణ్ణి మేమంతా చిన్నోడు అంటాం. గుంటూరులో ఉంటారు. అప్పుడు తొమ్మిదో తరగతి. శని ఆదివారాలు ప్యాసింజరెక్కి మా ఇంటికి వచ్చి నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వాడికి ఈ పిచ్చి అంటించింది నేనే. పండక్కీ పబ్బానికీ తాతయ్య, నానమ్మ ఇచ్చిన డబ్బులు ఏడాదిన్నర కూడబెట్టుకుని ఆ కిట్ తెప్పించుకున్నాడు. వాడి సొంత డబ్బుతో కొనుక్కున్న మొదటి కిట్ అది. స్తాలిన్‌గ్రాడ్ చలికాలంలో కేవీ-1ఎస్‌లకి సున్నం లాంటి తెల్లరంగు పూసేవారని ఎక్కడో చదివి, తన దానికీ తెల్లరంగే వెయ్యాలని అనుకున్నాడు. హల్ అతికించి, చక్రాలు బిగించి, ఎంతో శుభ్రంగా చేసుకుంటున్నాడు. టరెట్ ఇంకా మొదలుపెట్టలేదు.

"ఒట్టి కేవీ-1ఎస్ ఎవరైనా చేస్తార్రా" అన్నాను. "నాకివ్వు. ఇద్దరం కలిసి కేవీ-85 చేద్దాం. మన జిల్లాలో ఎవరి దగ్గరా ఉండదు."

వాడు వెంటనే ఒప్పుకోలేదు. హల్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "తెల్లరంగు వెయ్యచ్చా మామయ్యా?" అన్నాడు. వెయ్యచ్చులే అన్నాను. ఇచ్చేశాడు. తర్వాత తెల్లరంగు కాదని ఆకుపచ్చ వేశాను. వాణ్ణి అడగను కూడా లేదు.

కలిసి చేద్దామన్నవాణ్ణి వాడు వచ్చేదాకా ఆగలేకపోయాను. ఆ వారంలోనే ఒక రాత్రి కూర్చున్నాను. హల్ పైకప్పు మీద గుండ్రటి రంధ్రం ఉంటుంది. టరెట్ అడుగున ఉన్న అంచు అందులో కూర్చోవాలి. కూర్చోలేదు. అంచు పెద్దది, రంధ్రం చిన్నది. జిగురు లేకుండా ముందు పెట్టి చూసుకోవడం ఈ పనిలో మొదటి నియమం. పెట్టి చూశాను, తేడా కళ్లముందే కనిపించింది. అక్కడ ఆగి, ఎందుకు పట్టడం లేదని అడగాల్సింది. వెర్నియర్ కాలిపర్ నా సొరుగులోనే ఉంది. తియ్యలేదు. బ్లేడు తీశాను.

టరెట్ అడుగు అంచుని చుట్టూ చెక్కేశాను. దాని స్థానంలో పౌడరు డబ్బా మూతకి టేపు చుట్టి, రంధ్రానికి సరిపడేలా చేసి అతికించాను. ఇప్పుడు టరెట్ హల్ మీద కూర్చుంది, తిరిగింది. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం నిజమైనదే. మా ఆవిణ్ణి లేపి చూపించాను.

ఆదివారం చిన్నోడు వచ్చాడు. ట్యాంకుని కంటికి సమానంగా ఎత్తి పట్టుకుని పక్కనుంచి చూశాడు. చాలాసేపు చూశాడు. టరెట్ హల్ కంటే వెడల్పుగా ఉండి రెండు పక్కలా బయటికి వచ్చేసింది. ఆ వచ్చిన భాగం కింద ఏమీ లేదు. కిటికీ వెలుతురు అటునుంచి ఇటు కనిపిస్తోంది.

"మామయ్యా, టరెట్ కింద సందుంది. లోపలివాళ్లకి దెబ్బ తగలదూ?"

"అది అంతేరా. అసలు ట్యాంకు కూడా అలాగే ఉంటుంది" అన్నాను.

నాకు తెలియదు. ఉంటుందో లేదో చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పాను. వాడు ఇంకోసారి అడగబోతే, "ఎన్నేళ్ల నుంచి చేస్తున్నాన్రా నేను?" అని కసిరాను. వాడు ట్యాంకుని మెల్లిగా కింద పెట్టేసి ఉప్పుకాగితం ముక్క తీసుకుని వేరే చక్రాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఇంతవరకైతే దీన్ని తొందరపాటు అని సరిపెట్టుకునేవాణ్ణి.

సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. అమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కపిడతలు, వాటి కింది మెట్టు మీద నా ట్యాంకులు. ఆ ఏడు కేవీ-85ని మధ్యలో పెట్టాను. వచ్చినవాళ్లందరికీ, ఇవి ప్రపంచం మొత్తం మీద 148 మాత్రమే తయారయ్యాయని చెప్తున్నాను. అక్కావాళ్లు కూడా గుంటూరు నుంచి వచ్చారు. సాయంత్రం పేరంటం హడావిడిలో సుబేదార్ గారు వచ్చారు. ఆయన టీ-55ల మీద పనిచేసి రిటైరైన మనిషి. మితభాషి. కొలువంతా చూసి, నా ట్యాంకు దగ్గర వంగి, అడిగి తీసుకున్నారు. చిటికెనవేలు టరెట్ కింది సందులోకి పెట్టారు. వేలు సగం దాకా దూరింది.

"సర్వేయర్ గారూ, దీనికి రింగు ఏదండీ?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. టరెట్ ఊరికే మూతలా కూర్చోదు. హల్ మీద పళ్లున్న పెద్ద ఉక్కు చక్రం ఉంటుంది, టరెట్ దాని మీద తిరుగుతుంది. ఫిరంగి పేలినప్పుడు వచ్చే వెనకతోపు అంతా ఆ రింగు గుండానే హల్‌లోకి దిగుతుంది. "మేం లోపల కూర్చుంటే ఆ పళ్లు మా భుజం పక్కనే తిరిగేవండీ. అందులో చొక్కా చెయ్యి పడకుండా చూసుకునేవాళ్లం" అన్నారు. "ఇందులో మనిషి కూర్చుంటే సగం బయటికి ఉంటాడు."

ఎగతాళిగా అనలేదు. తెలిసిన మనిషి తెలిసిన సంగతి చెప్పారు. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. మా ఆఫీసు వాళ్లిద్దరు ఉన్నారు. నా మొహం వేడెక్కిపోయింది. నోట్లోంచి మాట వచ్చేసింది.

"మా మేనల్లుడు అతికించాడండీ. చిన్నపిల్లాడు, తెలీదు కదా."

చిన్నోడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సుబేదార్ గారికి ఇమ్మని వాళ్లమ్మ పంపిస్తే చేతిలో అరిసెల పళ్లెం పట్టుకుని వస్తున్నాడు. విన్నాడు. పళ్లెం తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాడు. "పర్లేదు బాబూ, నేర్చుకుంటావులే" అని ఆయన వాడి భుజం తట్టారు. వాడు తల ఊపాడు. నా వైపు చూడలేదు. కాదు, నేను అతికించలేదు అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. ఆ రోజు వాడు అనకపోవడం నాకు ఎంత ఊరటగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

తర్వాతి శనివారం వాడు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. పరీక్షలంది అక్క. వేసవి సెలవులొచ్చాయి, రాలేదు. పదో తరగతికి ఇప్పట్నుంచే ట్యూషనంది.

ఆ నెలల్లోనే కేవీ-85 గురించి మొదటిసారి సరిగ్గా చదివాను. బొమ్మ ముందు పెట్టుకుని, నక్షా పరిచి, కాలిపర్ తీసి చదివాను. కేవీ-1ఎస్ టరెట్ రింగు 1535 మిల్లీమీటర్లు. ఐఎస్ టరెట్‌ది 1800. తేడా 265. అసలు ట్యాంకు మీద అది జానెడు దాటుతుంది. 35తో భాగిస్తే నా టేబులు మీద ఏడున్నర మిల్లీమీటర్లు. నేను బ్లేడుతో చెక్కి పారేసింది సరిగ్గా దాన్నే.

చెల్యాబిన్‌స్క్ వాళ్లకీ ఇదే చిక్కు వచ్చింది. ముందు పాత టరెట్‌లోనే 85 మిల్లీమీటర్ల ఫిరంగి ఇరికించి చూశారు. లోపల మనుషులకి చెయ్యి ఆడేంత చోటు లేకపోయింది. అందుకని ఐఎస్ టరెట్‌కి వెళ్లారు. దానికి వెడల్పు రింగు కావాలి. కేవీ హల్ చూస్తే రెండు ట్రాకుల మధ్య ఇరుకుగా ఉండే పెట్టె. అప్పుడు వాళ్లు రింగుని కొయ్యలేదు. హల్‌ని మార్చారు. టరెట్ కూర్చునే చోట రెండు పక్కలా కవచాన్ని గుండ్రంగా బయటికి తెచ్చి, రింగు పూర్తిగా దాని మీద ఆనేలా చేశారు. మడ్‌గార్డుల పైకి పొట్టలా వచ్చి ఉండే ఆ వంపుని చూసే ఎవరైనా కేవీ-85ని దూరం నుంచి గుర్తుపడతారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అవ్‌తొవొ దగ్గర స్మారకంగా నిలబెట్టిన కేవీ-85 ఫోటో నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఆ వంపుని వందసార్లు చూసి ఉంటాను. మడ్‌గార్డు మీద పెట్టిన సామాన్ల డబ్బా అనుకుని దాటేశాను.

ఇంకోటి కూడా తెలిసింది. కేవీ-1ఎస్‌లో ఐదుగురు కూర్చునేవారు. కేవీ-85లో నలుగురే. ముందు కూర్చునే రేడియో మనిషిని తీసేసి రేడియోని టరెట్‌లోకి మార్చారు. కాబట్టి ముందు పలక మీద డ్రైవర్‌కి ఎడమవైపున్న మెషీన్‌గన్ గుండు రంధ్రాన్ని మూసేశారు. నేను ఆ రంధ్రంలో మెషీన్‌గన్ శుభ్రంగా అతికించి, దాని గొట్టానికి ముచ్చటగా నల్లరంగు కూడా వేశాను. లేని మనిషికి తుపాకి ఇచ్చాను.

అప్పుడైనా చిన్నోడి దగ్గరికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. ముందు బాగుచేసి పట్టుకెళితే మాట సులువవుతుందనుకున్నాను. మంచి ట్యాంకు చేతిలో పెట్టి, అతికించింది వాడన్న ఆ మాటని ఎత్తకుండానే దాటిపోవచ్చన్న ఆశ లోపల ఎక్కడో ఉంది. హల్ పైకప్పుని రింగు కొలతకి కోద్దామని సన్న రంపం పెట్టాను. ఈ జిగురు మామూలు బంకలా పైన అంటుకోదు. ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ఆరాక విడదీయలేం. వాడు అతికించిన అతుకులు గట్టివి. రంపం పట్టేసింది. నేను బలం చేశాను. రంధ్రం అంచునుంచి ముందు పలక దాకా ఫట్‌మని పగులు పాకింది. కంగారులో పగులు నిండా జిగురు పోసి వేళ్లతో నొక్కిపట్టాను. ప్లాస్టిక్ మెత్తబడింది. చెయ్యి తీసేసరికి పైకప్పు మీద నా ఎడమ బొటనవేలి ముద్ర గీతలతో సహా దిగిపోయి ఉంది.

దాన్ని పాత గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేశాను. ఏడు నెలలు అక్కడే ఉంది. చిన్నోడు మాత్రం ఆ ఏడు నెలల్లో ఫోన్లో ఒకే ఒక్కసారి అడిగాడు. "మామయ్యా, నా హల్ ఉందా?" అని. కేవీ-85 ఉందా అనలేదు. నా హల్ అన్నాడు. ఉందిరా అన్నాను.

దసరా సెలవుల్లో ఒక ఉదయం దాన్ని పూతరేకుల డబ్బాలో పెట్టుకుని గుంటూరు బండెక్కాను. అక్క తలుపు తీసి, "ఏరా, చెప్పాపెట్టకుండా?" అంది. బావగారు పేపరు చదువుతున్నారు. చిన్నోడు లోపల గదిలో ఉన్నాడు. వాణ్ణి పిలవకముందే అక్కకీ బావగారికీ చెప్పాను. కొలువు నాడు అతికించింది వాడు కాదు, నేను అని. సందుందని వాడు ముందే చెప్పాడని. నేను కసిరానని. బావగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఏమీ అనలేదు. అక్క మాత్రం, "వాడు ఆ రోజు రాత్రి అన్నం తినలేదురా. అడిగితే కడుపునొప్పి అన్నాడు" అంది. నాకు తెలియని సంగతి అది.

చిన్నోడు వచ్చాడు. ఏడాదిలో నా భుజం దాటి ఎదిగాడు. డబ్బా తెరిచి హల్ బయటికి తీశాను. వాడి ముందు మళ్లీ చెప్పాను. నేను అబద్ధం చెప్పాన్రా అన్నాను. కొత్త కిట్ కొనిస్తానన్నాను. "కొత్తది వద్దు" అన్నాడు. ఫర్వాలేదు మామయ్యా అనలేదు. నేనూ అది ఆశించి వెళ్లలేదు. వాడు హల్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగులు మీద వేలు పెట్టి చూశాడు. చక్రాలు తిప్పాడు. వాడు బిగించిన పన్నెండు చక్రాలూ ఇంకా నిటారుగానే ఉన్నాయి.

"ఇదేంటి?" అన్నాడు.

"నా వేలు."

ఉప్పుకాగితం తెచ్చుకుని కిటికీ గట్టు మీద కూర్చుని దాన్ని రుద్దడం మొదలుపెట్టాడు. నేను 1535, 1800 లెక్క చెప్పాను. నక్షా చూపించాను. రెండు పక్కలా వంపు కావాలి, అది దేంతో చెయ్యాలో తెలియడం లేదన్నాను. ప్లాస్టిక్ షీటు అంత వంపు తిరగదు, వేడి చేస్తే ముడుచుకుపోతుంది.

"1800 అంటే మనకి ఎంత?"

"యాభై ఒకటిన్నర మిల్లీమీటర్లు. రెండంగుళాల పైన ఒక్క పిసరు."

వాడు కాసేపు ఆలోచించి లోపలికి వెళ్లాడు. వాళ్ల చెల్లెలి గాజుల పెట్టె కదుపుతున్న చప్పుడు, అది అరుస్తున్న చప్పుడు వినిపించాయి. ఒక వెడల్పాటి ప్లాస్టిక్ గాజు పట్టుకుని వచ్చాడు. గులాబి రంగుది, ఒకచోట విరిగింది. గాజుల కొలత లోపలి అడ్డాన్ని బట్టి ఉంటుందని నాకూ తెలుసు. ఇంట్లో ఆడపిల్ల ఉన్న ఎవరికైనా తెలుసు. అది రెండంగుళాల గాజు. కాలిపర్ వాడే పట్టుకున్నాడు. యాభై పాయింట్ ఎనిమిది.

ఆ రోజు సాయంత్రం దాకా కూర్చున్నాం. గాజుని రెండు చంద్రవంకల్లా కోశాడు. హల్‌కి రెండు పక్కలా పెట్టి, జిగురు లేకుండా మూడుసార్లు చూశాడు. ఎడమది కాస్త పైకి లేచింది. ఆకురాయితో అడుగు రుద్ది మళ్లీ పెట్టాడు. నా చేతికి పుట్టీ ఇచ్చి పగుల్లో నింపమన్నాడు. నేను నింపాను. టరెట్ అడుగున నేను అతికించిన పౌడరు డబ్బా మూతని వాడే ఊడబెరికాడు. దానికి మాత్రం చాలా బలం పెట్టాల్సి వచ్చింది. నేను పట్టుకోబోతే, "ఉండు మామయ్యా" అన్నాడు.

తెనాలి వచ్చిన మర్నాడు సుబేదార్ గారింటికి వెళ్లాను. అతికించింది పిల్లాడు కాదు, నేనని చెప్పాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "బాబు బాగున్నాడా?" అని అడిగారు. బాగున్నాడండీ అన్నాను. కాఫీ ఇప్పించారు. ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ ట్యాంకు గుంటూరులోనే, చిన్నోడి పుస్తకాల బల్ల మీద ఉంది. వారం మార్చి వారం నేనే బండెక్కి వెళుతున్నాను. ఆకుపచ్చ గీకేశాం. 1943-44 చలికాలంలో ఉక్రెయిన్‌లో పోరాడిన కేవీ-85లు ఉన్నాయి కాబట్టి తెల్లరంగుకి అడ్డేమీ లేదు. వాడు తెల్ల డబ్బా తెచ్చిపెట్టుకున్నాడు. గాజు ముక్కల గులాబి రంగు పుట్టీ కింద అక్కడక్కడా ఇంకా కనిపిస్తోంది. టరెట్ కింద ఇప్పుడు కాగితం కూడా దూరదు. ముందు పలక మీద నా మెషీన్‌గన్ తీసేసిన చోట గుండ్రటి రంధ్రం అలాగే ఉంది. దానికి సరిపడే బిళ్ల కోసి ఉంచాడు. లెక్కల పరీక్ష అయ్యాక, వచ్చే ఆదివారం పెడదామన్నాడు.